ఆటల పీరియడ్ నా చేతి నుంచి పోయిన ఏడాది

పధ్నాలుగేళ్లు మా బడిలో ఆటల పీరియడ్ నాదే. టైమ్‌టేబుల్లో శుక్రవారం ఆఖరి గంట ఎదురుగా నా పేరే ఉండేది. పేరుకే ఆటలు. ఆ గంటలో పిల్లల చేత ఎక్కాలు రాయించేదాన్ని, లేకపోతే మిగిలిపోయిన హిందీ డిక్టేషన్ చెప్పేదాన్ని. ఎండ కాసిన రోజు మాత్రం వాకిట్లో వరసగా నిలబెట్టి "ఏక్, దో, తీన్, చార్" అంటూ చేతులు పైకి, పక్కకి, కిందికి ఎత్తించి దింపించేదాన్ని. పది నిమిషాలు. తర్వాత మళ్లీ లోపలికి.

మా బడి ఈ దీవుల్లో సిప్పీఘాట్ దగ్గర కొండవాలు మీద ఉంటుంది. మైదానం లేదు. రెండు వరసల గదుల మధ్య సిమెంటు వాకిలి, దాని చివర కుళాయిలు, ఆ పక్కన మధ్యాహ్న భోజనం వండే షెడ్డు. మే నెలలో మొదలైన వాన డిసెంబరు దాకా ఏదో ఒక పూట పడుతూనే ఉంటుంది. "ఈ వానల్లో, ఈ ఇరుకులో ఏం ఆడిస్తాం" అని అందరితో అనేదాన్ని. అందరూ ఔనంటే ఔననేవారు. ఎప్పుడో పై ఆఫీసు వాళ్లు పంపిన తాళ్లు, బంతులు, రంగు రంగుల ప్లాస్టిక్ రింగులు బీరువాలో కవరు విప్పకుండా ఉండేవి. పాడైతే జవాబు చెప్పాల్సింది నేనే కదా అని బీరువా తాళం చెవి నా బ్యాగులోనే పెట్టుకునేదాన్ని. ఆ పీరియడ్ నాకో బరువని స్టాఫ్ రూమ్‌లో ఎన్నిసార్లు సణిగానో లెక్కలేదు.

కాబట్టి, ఆ ఏప్రిల్‌లో పెద్ద మేడమ్ ఆ పీరియడ్ నా దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చినప్పుడు నేను సంతోషించాలి.

ఆ ఇంకొకరు డిగ్లీపూర్ నుంచి కాంట్రాక్టు మీద కొత్తగా వచ్చిన టీచరు. పాతికేళ్లు దాటి ఉంటాయేమో. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు నిలబడేది. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ దీవుల ఉత్తరాన, అక్కడే స్థిరపడ్డారట. తండ్రికి వరిచేలు, పోకచెట్లు ఉన్నాయట. చేరిన వారంలోనే పెద్ద మేడమ్ గదికి వెళ్లి, రోజూ భోజనం ముందు ఒక ఇరవై నిమిషాలు పిల్లల్ని ఆడిస్తానని అడిగింది. శుక్రవారం ఒక్కటే కాదు, రోజూ. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరినీ.

పెద్ద మేడమ్ కేరళ వైపు ఆవిడ. అందరితో హిందీలోనే మాట్లాడేది. నన్ను పిలిచి, "అబ్ సే గేమ్స్ యే దేఖేగీ. మీ నెత్తిమీద బరువు దిగింది కదా" అని నవ్వింది.

"జీ మేడమ్, అచ్ఛా హువా" అన్నాను. బ్యాగులోంచి తాళం చెవి తీసి ఇచ్చేటప్పుడు మాత్రం రింగులోంచి అది ఎంతకీ ఊడి రాలేదు. కొత్త టీచరు చెయ్యి చాచి, "ఇలా ఇవ్వండి దీదీ" అని ఒక్క తిప్పుతో తీసేసుకుంది. అంత చిన్న సంగతికి కూడా నా ముఖం వేడెక్కడం నాకు తెలిసింది.

మర్నాటి నుంచి మొదలు. ఆమె విజిల్ వాడేది కాదు. చెప్పులు విడిచి వాకిట్లోకి దిగి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఓడ హారన్‌లా "భోం" అనేది. అంతే, గదుల్లోంచి పిల్లలు కొండవాగులా వచ్చి పడేవారు. ఒక గోడ హేవ్‌లాక్ దీవి, ఇంకో గోడ డిగ్లీపూర్, మధ్యలో సముద్రం. "షిప్పు బయల్దేరింది" అంటే ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగు. "తుఫాను" అంటే ఎక్కడివాళ్లక్కడ కూలబడి పక్కవాడి భుజం పట్టుకోవాలి. పీత నడక అని ఇంకోటి ఉండేది. పొట్ట ఆకాశం వైపు పెట్టి చేతుల మీదా కాళ్ల మీదా పక్కకి పాకాలి. నేను ఎక్కాలు రాయించే పిల్లలే సుద్దముక్కతో గీసిన గళ్లలో ఒంటికాలి మీద గెంతుతూ ఏడో ఎక్కం అరిచేవారు. బీరువాలోని రింగులన్నీ కవర్లు విప్పి వాకిట్లో పరిచింది. చాలనివాటికి ఖాళీ నీళ్ల సీసాల్లో ఇసక పోసి పెట్టింది. ఎవరో పిల్లవాడి తండ్రి పాత పడవ తాడు తెచ్చి ఇచ్చాడు.

నేను ఐదో తరగతి కిటికీ దగ్గర కాపీలు దిద్దుతూ కూర్చునేదాన్ని. కిటికీ మూసేద్దామంటే ఉక్క. తెరిచి ఉంచితే ఆ నవ్వులు. "ఎంత గోల, ఏం పద్ధతి ఇది" అని పక్క టీచరుతో అన్నాను. ఆవిడ కూడా కిటికీలోంచి చూస్తూ, "కానీ దీదీ, అన్నం ఎంత బాగా తింటున్నారో చూశావా ఇప్పుడు? పళ్ళెంలో మెతుకు మిగల్చడం లేదు" అంది. నేను ఇంకో కాపీ తెరిచి దిద్దడం మొదలుపెట్టాను.

ఆ పిల్లల్లో మూడో తరగతి చదివే నా కూతురు కూడా ఉంది.

మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ బొద్దు. పరుగంటే భయం. చర్చి పిక్నిక్‌కి బీచ్‌కి వెళ్తే మిగతా పిల్లలు ఇసకలో పొర్లాడుతుంటే ఇది ఏ పిన్ని ఒళ్లోనో కూర్చునేది. బడి నుంచి వచ్చాక నా ఫోను, ఒక బిస్కెట్ ప్యాకెట్టు, మంచం మూల. అంతకుముందు ఏడాది జ్వరం వస్తే హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. డాక్టరు బరువు చూసి, "పిల్లని ఆడిస్తున్నారా లేదా? మీరు టీచరే కదా" అన్నాడు. ఆ మాటకి వారం రోజులు కోపంగా ఉన్నాను. ఆడించాలంటే ఎక్కడ ఆడించాలి, ఎప్పుడు ఆడించాలి, బడి పని చేయాలా ఇంటి పని చేయాలా అని మా ఆయనతో వాదించాను. ఆయన కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. వాదించే మనిషి కాదు. "సరేలే" అని ఊరుకున్నాడు.

అలాంటి పిల్ల, ఆ ఏప్రిల్ ఆఖరికి, చెమటతో తడిసిన జుట్టుతో ఇంట్లోకి వస్తూనే, "మమ్మీ, భూఖ్ లగీ హై" అని ఆకలికి అరవడం మొదలుపెట్టింది. అన్నం తింటూనే కబుర్లు.

"ఈరోజు షిప్పాట ఆడాం మమ్మీ. నేను ఔట్ అవ్వనే లేదు."

"ఎందుకవ్వలేదు?" అన్నాను. ఆ పిల్ల పరుగు నాకు తెలుసు మరి.

"అందులో ఔట్ అనేదే ఉండదు. దొరికిపోయినోళ్లు పట్టుకునేవాళ్లతో కలిసిపోతారు. లాస్ట్‌కి అందరూ ఒకటే టీమ్."

"ఎవరు చెప్పారు అలాగని?"

"మేడమ్. మేడమ్ ఎంత ఫాస్ట్‌గా పరిగెడతాదో తెలుసా? నువ్వు పరిగెట్టలేవు కదా మమ్మీ?"

తిట్టినట్టు అనలేదు. వాన వస్తుంది కదా అన్నట్టు మామూలుగా అంది. మా ఆయన పళ్ళెంలో ముఖం పెట్టి నవ్వాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి అక్కర్లేని గిన్నెలు కూడా తోమాను.

నిజమే, నేను పరిగెట్టలేను. ఎప్పుడూ పరిగెట్టలేదు. మా నాన్న ఇక్కడికి గుమాస్తాగా వచ్చి ప్రోతరాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నేను అక్కడే పుట్టి పెరిగాను. సాయంత్రం పిల్లలందరూ రోడ్డు మీద ఆడుకునేవారు. నన్ను కూడా పిలిచేవారు, చెప్పులు చూస్తూ ఉండమని. గట్టు మీద కూర్చుని ఎనిమిది జతల చెప్పులకి కాపలా కాసేదాన్ని. ఆటలో చేర్చుకోమని నేను అడగలేదు. వాళ్లూ అడగలేదు. నేను నెమ్మదైన పిల్లనని, బుద్ధిమంతురాలినని అమ్మ ఊరందరికీ చెప్పుకునేది. బుద్ధిమంతురాలి పేరు ఒకసారి వచ్చాక లేచి పరిగెత్తడం కుదరదు. ఇప్పుడు నా కూతురు నేను ఎప్పుడూ దిగని చోటికి దిగింది. చెయ్యి పట్టుకుని దింపింది నేను కాదు. ఆ అసూయలో ఆ టీచరు వాటా ఎంతో, నా కూతురి వాటా ఎంతో అప్పట్లో విడదీసి చూసుకునే ధైర్యం నాకు లేదు.

ఆమె తప్పు ఎక్కడ దొరుకుతుందా అని వెతికేదాన్ని. ఒకటి దొరికింది. ఆదివారం మా తెలుగు చర్చికి వచ్చేది. నా పక్క బెంచీలోనే కూర్చునేది. అందరూ కీర్తన పాడుతుంటే పుస్తకం తెరిచి పట్టుకునేది గానీ, కళ్లు అక్షరాల మీద కదిలేవి కావు. పెదవులు పక్కవాళ్లని బట్టి అర క్షణం ఆలస్యంగా కదిలేవి. ఆమెకి తెలుగు చదవడం రాదని నాకు అర్థమైంది. ఆ ఆదివారం ప్రసంగం ఏమిటో ఒక్క ముక్క గుర్తు లేదు గానీ, ఆ హాయి మాత్రం బాగా గుర్తుంది.

ఆమె దాచుకోలేదు కూడా. బయటికి వచ్చాక తనే నా దగ్గరికి వచ్చి, "దీదీ, మా దగ్గర తెలుగు స్కూల్ లేదు. హిందీలోనే చదివాను. మాటాడ్డం వస్తాది గానీ చదవడం రాదు. మీరు కొంచెం నేర్పుతారా? ఆదివారాలు వస్తాను" అంది.

"నాకు తీరిక ఎక్కడమ్మా" అన్నాను. ఆ రోజు మధ్యాహ్నమంతా నిద్రపోయాను.

ఎండాకాలం సెలవులు అయ్యాయి. జూన్‌లో బడి తెరిచేసరికి వానలు దిగాయి. ఇక ఆటలు ఆగుతాయనుకున్నాను. ఆగలేదు. వాన పడితే గదిలో బెంచీలు గోడలకి జరిపి ఆడించేది. కప్ప గెంతులు, ఒంటికాలి కొంగలు, చప్పట్ల లెక్కలు. తెరిపి ఇస్తే వాకిట్లోకి. కుళాయిల వైపు మాత్రం ఎవరినీ వెళ్లనిచ్చేది కాదు. అక్కడ పాకుడు పట్టి ఉండేది. వాకిలికి అడ్డంగా పడవ తాడు కట్టి, "ఇటు పక్కకి వస్తే మొసలి" అనేది.

జూలైలో ఒక రోజు భోజనాల తర్వాత రెండో తరగతి పిల్ల ఒకతి కుళాయి దగ్గర జారి పడింది. గడ్డం చిట్లింది. ఆట కాదు, పరుగు కాదు. పళ్ళెం కడుక్కుంటూ వెనక్కి అడుగు వేసింది, జారింది. ఆ వారం కుళాయిల దగ్గర నిలబడి చూసుకోవాల్సిన డ్యూటీ నాది. నేను అక్కడే ఉన్నాను. ఉన్నానంటే, మనిషినైతే ఉన్నాను. ఫోనులో ఏదో మెసేజ్ చూసుకుంటున్నాను.

రక్తం చూసి కొత్త టీచరే పరుగెత్తుకు వచ్చింది. తన చున్నీతో గడ్డం అదిమి పట్టి, ఆటో పిలిపించి, ఆ పిల్లని ఒళ్లో పెట్టుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. రెండు కుట్లు పడ్డాయి. అప్పటికి ఆ పిల్ల నానమ్మకి ఫోన్ వెళ్లింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పనుల్లో ఉంటే పిల్లని చూసేది ఆవిడే. గొడుగు కూడా లేకుండా వానలో తడుస్తూ గేటు దగ్గరికి వచ్చింది. ఎదురుగా కనబడింది నేను.

"ఏటయిందమ్మా మా గుంటకి?" అంది ఆయాసపడుతూ.

అప్పుడు నేను నిజం చెప్పి ఉండవచ్చు. కుళాయి దగ్గర జారిందమ్మా, నేను చూసుకోలేదు అని. అది ఒక్క వాక్యం. దాని బదులు నా నోట్లోంచి వేరే వాక్యం వచ్చింది.

"నేను మొదటి నుంచీ వద్దనే చెప్తున్నాను పిన్నీ. ఈ వానల్లో రోజూ పరుగులు పెట్టిస్తే పిల్లలు పడరా మరి?"

ఆటలో పడింది అని నేను అనలేదు. అనకుండానే అనిపించాను. ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, "అలగా" అంది.

మర్నాడు ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు పెద్ద మేడమ్ గదికి వచ్చారు. పిల్లల్ని బడికి పంపేది చదువుకోవడానికా, కాళ్లు చేతులు విరగ్గొట్టుకోవడానికా అని ఒకాయన గట్టిగా అడిగాడు. పెద్ద మేడమ్ భయపడింది. ఆ రోజు నుంచే ఆటలు బంద్. వానలు తగ్గేదాకా ఎవరినీ వాకిట్లోకి వదలొద్దని చెప్పింది. కొత్త టీచరు తాడు విప్పి చుట్టి, రింగులు ఒకదాని మీద ఒకటి పేర్చి బీరువాలో పెట్టి, తాళం చెవి తెచ్చి నాకిచ్చింది. నా కళ్లలోకి ఒక క్షణం చూసింది. నేనే చూపు తిప్పుకున్నాను.

అనుకున్నది జరిగింది. తాళం చెవి మళ్లీ నా బ్యాగులోకి వచ్చింది. ఆ శుక్రవారం ఆఖరి గంటలో పిల్లల చేత ఎనిమిదో ఎక్కం రాయించాను. గదంతా పెన్సిళ్ల చప్పుడు. ఎవరూ అల్లరి చేయలేదు. అడిగింది రాసి, తలలు బెంచీల మీద ఆనించి పడుకున్నారు. గెలిచానన్న తృప్తి నాకు ఉండాలి. రెండు రోజులు ఉంది కూడా.

మూడో రోజు సాయంత్రం మా అమ్మాయి మంచం మూలకి చేరి ఫోను అడిగింది. ఇచ్చాను. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి తల ఎత్తకుండానే అంది.

"మమ్మీ, ఆ పాప పరిగెడుతుంటే పడలేదు."

నేను బట్టలు మడతపెడుతున్నాను. "ఏ పాప?"

"సెకండ్ క్లాస్ పాప. పళ్ళెం కడుగుతుంటే జారింది. నేను వెనకే ఉన్నాను లైన్‌లో. నువ్వు కూడా అక్కడే ఉన్నావ్ కదా."

"అవును, ఉన్నాను."

"మరి మేడమ్ వల్ల అని అందరూ ఎందుకంటున్నారు? నువ్వు చెప్పొచ్చు కదా వాళ్లకి."

నేనే ఆ మాట పుట్టించానని దానికి తెలియదు. అమ్మ ఇంకా చెప్పలేదు, చెప్తుంది, చెప్తే అంతా సరైపోతుంది అనుకుంటోంది. "చెప్తాలే" అన్నాను. అది ఫోను పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

చెప్తాలే అన్నాక కూడా నాలుగు రోజులు చెప్పలేదు. రోజూ పొద్దున ఈరోజు చెప్పాలి అనుకుంటూ బస్సెక్కేదాన్ని. పెద్ద మేడమ్ గది గడప దాకా వెళ్లి, సంతకం పెట్టి వచ్చేసేదాన్ని. మా అమ్మాయి మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండును. సాయంత్రాలు "భూఖ్ లగీ హై" అన్న కేక లేదు. మా ఆయనే, "ఏమైంది దీనికి, మళ్లీ మూగదైపోయింది" అన్నాడు.

ఐదో రోజు వెళ్లి చెప్పాను. కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే మొత్తం చెప్పాను. డ్యూటీ నాదని, ఫోను చూసుకుంటున్నానని, నానమ్మతో ఏమన్నానో కూడా. పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"క్యోం?" అంది. ఎందుకు అని ఒక్క మాటే.

కిటికీలోంచి ఖాళీ వాకిలి వైపు చూశాను. ఆవిడకి అర్థమైందనుకుంటాను. "శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. నాకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పండి" అంది. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

శనివారం వాన హోరున పడుతోంది. అయినా పాతిక మంది దాకా వచ్చారు. ఆ నానమ్మ ముందు వరసలో కూర్చుంది, గడ్డానికి ప్లాస్టర్ ఉన్న మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని. కొత్త టీచరు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. నేను లేచి హిందీలో చెప్పాను, తర్వాత తెలుగులో చెప్పాను. పిల్ల పడింది ఆటలో కాదు, కుళాయి దగ్గర. చూసుకోవాల్సింది నేను. తప్పు నాది. నేను మాట తిప్పి చెప్పడం వల్ల ఇంకొకరి మీద నింద పడింది. కొంగు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఎవరో వెనకనుంచి "వాహ్ మేడమ్" అన్నారు వెటకారంగా.

నానమ్మ లేచింది. తిడుతుందనుకుని తల దించుకున్నాను.

"ఆటలో పడ్డా మాకేటీ ఇబ్బంది నేదమ్మా" అంది. "పిల్లలన్నాక పడరేటి? ఆ మాట నన్నెవులూ అడగనేదు. మీరే బందు సేసీసినారు. మా గుంట రోజూ ఇంటికొచ్చి, ఆటెందుకు నేదని ఏడుస్తంది. ముందు ఆ పాకుడు గోకించండి. అది గోకనేక ఆటలు మానిపించడం ఏటి?"

అందరూ నవ్వారు. వెటకారం చేసినాయన కూడా. మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం తెరిపి చూసి, పది పన్నెండు మంది బ్రష్షులు, కొబ్బరి పీచు, బ్లీచింగ్ పౌడరు పట్టుకుని వచ్చారు. మా ఆయన కూడా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వాకిలి అంతా రుద్దాడు. నేను కుళాయిల కింద గట్టు నేనే గోకుతానని తీసుకున్నాను. సాయంత్రానికి గోళ్లు అరిగిపోయాయి.

కొత్త టీచరు బకెట్‌తో నీళ్లు తెచ్చి నా పక్కన పోసింది. ఎవరూ దగ్గర లేరు. తాళం చెవి తీసి ఆమెకిచ్చాను. "నన్ను క్షమించమ్మా" అన్నాను.

"నాకు తెలుసు దీదీ" అంది. "హాస్పిటల్‌కి ఎళ్తుంటే ఆటోలో ఆ పాపే చెప్పింది, కుళాయి కాడ జారానని. మీరున్నారని కూడా చెప్పింది."

"మరి పెద్ద మేడమ్‌కి ఎందుకు చెప్పలేదు?"

"కాంట్రాక్ట్ వాలీని. నా మాట ఎవరు వింటారు?" బకెట్ వంచి ఇంకాసిని నీళ్లు పోసింది. "ఇంకా... మీ పాప నా దగ్గర ఆడుతుంది కదా దీదీ. నేను మీ గురించి చెప్తే రేపు అది నా ముఖం చూడలేదు. మీ ముఖమూ చూడలేదు."

నేను తలవంచుకుని గోకుతూనే ఉన్నాను. కృతజ్ఞత కలిగిందని రాస్తే బాగుంటుంది. ముందు కలిగింది అది కాదు. నా కూతురి మనసు గురించి నాకంటే ముందు ఈమె ఆలోచించింది, అదీ నేను ఆమెకి అంత చేశాక. పరుగులోనే కాదు, ఇందులోనూ నాకంటే ముందే ఉందని మళ్లీ భగ్గుమంది. సిగ్గూ అసూయా రెండూ ఒకేసారి ఉండగలవని ఆ వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని తెలుసుకున్నాను.

సోమవారం ఆటలు మళ్లీ మొదలయ్యాయి. కిటికీ దగ్గర కూర్చున్నాను. "భోం" అని హారన్ మోగింది. పిల్లలు గోడకి చేరాక ఆమె నా వైపు తిరిగి, "దీదీ, పట్టుకునేవాళ్లు ఒకళ్లు తక్కువ. రండి" అని పిలిచింది. జాలితో పిలిచిందో నిజంగా అవసరమై పిలిచిందో తెలియదు. చెప్పులు విడిచి దిగాను. సిమెంటు చల్లగా, గరుగ్గా తగిలింది. సగం దూరం పరిగెత్తేసరికి రొప్పు వచ్చింది. ఒక్కరినీ పట్టుకోలేకపోయాను. పిల్లలు నా చీర కుచ్చెళ్ల పక్కనుంచి చేపల్లా జారిపోయారు. మా అమ్మాయి అవతలి గోడకి చేరి, "మమ్మీ, ఇంకోసారి! ఔర్ ఏక్ బార్!" అని గెంతుతోంది. మర్నాడు సల్వార్ కమీజ్ వేసుకుని వెళ్లాను.

ఆదివారాలు చర్చి వరండాలో ఆమెకి అక్షరాలు నేర్పడం కూడా మొదలుపెట్టాను. త్వరగానే పట్టుకుంది. అదీ నాకు కొంచెం గుచ్చుకుంది.

మార్చితో ఆమె కాంట్రాక్టు అయిపోయింది. డిగ్లీపూర్‌లో వాళ్ల ఊరికి దగ్గర్లోనే ఒక బడిలో చోటు దొరికిందని వెళ్లిపోయింది. ఆఖరి రోజు పిల్లలు ఆమె చేతులు, చున్నీ, బ్యాగు ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని ఏడ్చారు. మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను బదిలీ అయితే ఇలా ఎవరైనా ఏడుస్తారా అని లెక్క వేసుకున్నాను. లెక్క తేలలేదు.

ఇప్పుడు ఆటల గంట మళ్లీ నాదే. రోజూ భోజనం ముందు ఇరవై నిమిషాలు. నాకు నలభై దాటాయి, మోకాలు పట్టేస్తుంది. హారన్ నా గొంతులో అంత బాగా రాదు. కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లలకి తేడా తెలియదు గానీ పెద్దవాళ్లకి తెలుసు. "ఆ మేడమ్ అయితే ఇలా చెయ్యరు" అని మొహం మీదే అంటారు. "సరే, ఎలా చేసేవారో చూపించు" అంటాను. చూపిస్తారు. చూపించేవాళ్లలో మా అమ్మాయి ముందుంటుంది. ఇంకా బొద్దుగానే ఉంది, కానీ ఈ గోడ నుంచి ఆ గోడకి ఆగకుండా పరిగెడుతుంది. ఈమధ్య మేము పరీక్ష కోసం హాస్పిటల్‌కి వెళ్తే ఆ డాక్టరే, "ఏం చేస్తున్నారు?" అని మెచ్చుకోలుగా అడిగాడు. "బడిలో ఆడుతుంది" అన్నాను. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేదు. బస్సులో కూర్చున్నాక చెప్పి ఉండాల్సింది అనిపించింది.

మొన్న పీత నడకలో జట్లు ఎలా మార్చాలో మర్చిపోయి ఆమెకి ఫోన్ చేశాను. భోజనాల ముందు వేళ కావడంతో ఆమె వాకిట్లో ఉన్నట్టుంది. "చెప్పండి దీదీ" అంటూనే రొప్పుతోంది. వెనకాల పిల్లల అరుపులు హోరుమంటున్నాయి. మా పిల్లల కంటే గట్టిగా, మా పిల్లల కంటే ఎక్కువమంది. ఆమె ఓపిగ్గా అంతా వివరించింది. మధ్యలో రెండుసార్లు "ఆయీ, ఆయీ" అని, వస్తున్నానంటూ అటువైపు కేకేసింది. నేను విన్నాను, కాగితం మీద రాసుకున్నాను, ఫోను పెట్టేశాను. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి మా వాకిట్లో ఎదురుచూస్తున్న పిల్లల్ని చూశాను. "ఏంటలా నెమ్మదిగా నిలబడ్డారు? గట్టిగా అరవండి" అన్నాను. అరిచారు. "ఇంకా గట్టిగా" అన్నాను.